ముదురెఱుపు: రెండు కంపెనీల రంగులకు జత కుదుర్చుట



నేడు మనము గోడలకు వేయు రంగును గూర్చి ముచ్చటించుకొందము. ఇది చిన్న విషయమని తోచవచ్చును. కాని యింటికి రంగు వేయించుట యనిన నీ దినములలో వేలకొలది రూపాయల వ్యయము. పండుగయో పెండ్లియో దగ్గఱపడిన వేళ ఒకే గోడ సగము ఒక యెఱుపుగను, సగము మఱియొక యెఱుపుగను నిలిచినచో పెట్టిన సొమ్ము వ్యర్థమగును. అంతియ గాక, పనివానికిని గృహయజమానికిని మాటపట్టింపులు వచ్చును. పనివాని కూలి నిలిపివేయుట వఱకు పోవుటయు గలదు. నిజమునకు ఆ దోషము తఱచుగా ఇద్దఱిదియు కాదు. రంగుయొక్క స్వభావమే యట్టిది.

మన పల్లెల బిడ్డలు అనేకులు నేడు హైదరాబాదులోని మాదాపూరు, కొండాపూరు, గచ్చిబౌలి ప్రాంతములయందు ఉద్యోగములు చేయుచున్నారు. ఒకప్పుడు రాతిగుట్టలును పల్లెలునుగా నుండిన ఆ నేలమీద 1998వ సంవత్సరమున సైబర్ టవర్సు అను భవనము వెలసెను. పిమ్మట ఆ ప్రదేశమునకు హైటెక్ సిటీ యనియు, చుట్టుపట్ల భాగమునకు సైబరాబాదనియు పేళ్లు వాడుకలోనికి వచ్చినవి. అచ్చటి మేడలలో గదియందలి ఒక గోడకు మాత్రము ముదురెఱుపు వేయించి, తక్కిన మూడింటిని లేతరంగున ఉంచుట ఒక ముచ్చట. అట్టి గోడను చూచిన తండ్రి తన యూరి యింటి చావడికిని అదే రంగు వేయింప దలచెననుకొందము. కుమారుడు ఫోనులో ఛాయాచిత్రమును, రంగు పేరును పంపును. సమీప పట్టణములో ఆ కంపెనీ సరకు దొరకదు. దుకాణదారు వేఱొక కంపెనీ డబ్బా చూపి, "ఇదియు మెరూనే గదా" యనును. గోడ కెక్కిన పిదప చూడగా, ఒకటి ఇటుక ఛాయగను, ఒకటి వంకాయ ఛాయగను ఉండును. ఇట్లేల జరుగును?

మొదటి కారణము పేరు. షాలిమార్ కంపెనీ 1902లోను, నేడు నెరోలాక్ అనబడునది 1920లోను, ఏషియన్ పెయింట్సు 1942లోను స్థాపింపబడినవి. బర్జర్ మొదలగునవి ఇంకను గలవు. ప్రతి కంపెనీయు తన రంగులకు తానే పేళ్లు పెట్టుకొని, తానే సంఖ్యలు వేసికొన్నది. ఒకరి సంఖ్య మఱియొకరి పుస్తకమున ఉండదు. ఉన్నను అది వేఱు రంగునకు చెల్లును. రెండు ఊళ్లలో ఇద్దఱు రామయ్యలున్నంత మాత్రమున వారిద్దఱును ఒకరే కారు గదా!

రెండవ కారణము తయారీ. మన తాతలనాడు గడపకును, అరుగు అంచునకును, దేవాలయ ప్రాకారముమీది చారలకును జేగురును వాడెడివారు. జేగురన నేమి? ఇనుప తుప్పు జాతికి చెందిన మన్ను. పసుపుపచ్చని ఇనుపమన్నును కాల్చినను ఎఱ్ఱనగును. ఇటుక ఎఱ్ఱబడుటకును కారణము అందలి ఇనుమే. ఈ యెఱుపు ఎండకు వెలియదు. కాని దానిలోను ఛాయాభేదములు గలవు. మిక్కిలి మెత్తని రేణువులు నారింజ ఛాయను, ముతక రేణువులు ఊదా ఛాయను చూపును. కంపెనీలు ఈ జేగురు జాతి పొడితోపాటు రసాయనశాలలలో చేసిన ఎఱుపులను, నలుపును, పసుపును కూడ వాడును. ఒకడు జేగురులో నలుపు కలిపి ముదురెఱుపు చేయును. మఱియొకడు రసాయనపు ఎఱుపులో కొంచెము జేగురు చేర్చి దాదాపు అదే ఛాయ రప్పించును. చూపునకు ఒకటే, సరకు వేఱు.

నేటి దుకాణములలో రంగును యంత్రము కలుపును. కంపెనీ పంపిన మూలపు డబ్బాలో, గణకయంత్రము చెప్పిన లెక్క ప్రకారము, పదికి మించిన రంగుముద్దలలో కావలసినవానిని చుక్కలు చుక్కలుగా వేసి కుదుపును. లేతరంగుల మూలములో తెల్లపొడి మెండుగా ఉండును. ముదురెఱుపునకు వాడు మూలములో అది బహు స్వల్పము, లేదా శూన్యము. పాత గోడను కప్పు బలము ప్రధానముగా ఆ తెల్లపొడిదే గనుక, ముదురెఱుపు ఒకటి రెండు పూతలలో చక్కగా కప్పదు. క్రింది గోడ తెల్లనిదైన ఒక తీరుగను, పచ్చనిదైన మఱియొక తీరుగను తోచును. మూడవ పూత పడిన భాగము రెండు పూతల భాగముకంటె ముదురుగా నుండును. ఒకే డబ్బాలోని రంగే ఇట్లుండగా, రెండు కంపెనీల డబ్బాల సంగతి చెప్పనేల?

మూడవ కారణము వెలుతురు. రంగు గోడలో దాగియున్న వస్తువు కాదు. గోడమీద పడిన కాంతిలో కొంత గోడ మ్రింగి, మిగిలినదానిని మన కంటికి పంపును. దానినే మనము రంగందుము. కావున కాంతి మాఱిన రంగును మాఱును. వేఱువేఱు పొడులతో చేసిన రెండు ఎఱుపులు పగటి వెలుతురున ఒక్కటిగా కనబడి, రాత్రి ఎల్.ఇ.డి. దీపము క్రింద విడిపోవుట కలదు. హైటెక్ సిటీ మేడలలో అద్దపు కిటికీల వెలుతురు ఒకటి. మన పల్లెటింటి చావడిలో చూరు నీడ ఒకటి. దుకాణములోని తెల్లని దీపము వేఱొకటి. ఫోను విషయము చెప్పవలసినదే లేదు. అది వెలుతురును చూచి తానే రంగులను సవరించును. ఆ బొమ్మను బట్టి రంగు కొనుట నీటిలోని నీడను చూచి దుస్తులు కుట్టించుట వంటిది.

నాల్గవది మన కన్ను. 1931లో కేంబ్రిడ్జిలో సమావేశమైన అంతర్జాతీయ దీపకాంతి సంఘమువారు, రంగును అంకెలలో చెప్పుటకొక కొలమానమును నిర్ణయించిరి. అందులకు ఇంగ్లండులో 17గురి కన్నులపై జరిపిన పరీక్షలే ఆధారము. నేటి దుకాణపు యంత్రములు రంగును కొలుచుటకు ఆ పద్ధతియే మూలము. ఆ 17గురి చూపులును సరిగా ఒక్కటి కాలేదు. వారి సగటునే ప్రమాణముగా గైకొనిరి. వయసు మీఱినకొలది కంటిలోని కటకము పసుపువాఱును. శుక్లము వచ్చినచో ముదురు రంగుల భేదము మఱింత తెలియదు. కనుక తండ్రికి ఒక్కటిగా తోచిన రెండు ఎఱుపులు కొడుకునకు వేఱుగా తోచినచో, ఇద్దఱును నిజమే చెప్పుచున్నారని గ్రహింపవలెను. రంగు ఎంచుకొనునప్పుడు చిన్నవయసువానిని వెంట గొనిపోవుట మంచిది.

ఇక చేయవలసిన దేమి? మన దేశపు ప్రమాణ సంస్థవారు 'ఐ.ఎస్. 5' అను రంగుల పట్టికను ఏర్పఱచిరి. అందు 537 సిగ్నల్ రెడ్డు, 538 తపాలాపెట్టె ఎఱుపు, 541 మెరూను. ఈ సంఖ్యలు ఏ ఒక్క కంపెనీవియు కావు. తలుపులకును ఇనుప కటకటాలకును ఎనామెలు కొనునప్పుడు ఈ సంఖ్యతో అడిగినచో, ఏ కంపెనీ సరకైనను ఛాయ చాల దగ్గఱగా వచ్చును.

గోడ రంగునకు అట్టి సంఖ్య లేనప్పుడు, పేరును గాక వస్తువునే తీసికొనిపొండు. పాత గోడనుండి అంగుళమునకు తగ్గని చదునైన పెచ్చు నొకదానిని, మరుగుచోటినుండి, పదునైన కత్తితో తీయుడు. ధూళిని తుడిచి, రంగు కొలుచు యంత్రము గల దుకాణమునకు ఇండు. యంత్రము చెప్పిన లెక్కను కూడ పూర్తిగా నమ్మవలదు. ముదురెఱుపునుండి తిరిగి వచ్చు కాంతి స్వల్పము గనుక యంత్రమునకును అది కష్టమైన రంగే. ముందు చిన్న డబ్బా కలిపించి, రెండడుగుల అట్టమీద రెండు పూతలు వేసి, పూర్తిగా ఆఱనిండు. సున్నము తడిలో మసకగా నుండి, ఆఱినపుడు తెల్లబడునని మీ రెఱుగుదురు. ఎమల్షను రంగు దీనికి విపరీతము: తడిలో పాలు కలసినట్లుండి, ఆఱినకొలది ముదురగును. ఆఱిన అట్టను గోడకు ఆనించి ఉదయమున, సాయంకాలమున, రాత్రి దీపము వెలిగించి మూడు వేళల చూడుడు. మెఱుపునుకూడ జత చూడవలెను. ఒకే రంగైనను నిగనిగలాడు పూత ముదురుగను, మెఱుపు లేనిది వెలిసినట్లును కనబడును.

కుదిరిన పిమ్మట కావలసినదంతయు ఒకేసారి కొని, డబ్బాలన్నిటిని పెద్ద తొట్టిలో పోసి కలిపి పని ప్రారంభింపుడు. క్రింద బూడిదరంగో జేగురురంగో గల ప్రైమరు పూత వేయించినచో ముదురెఱుపు త్వరగా కప్పును. గోడ మధ్యను అతుకు పెట్టవలదు. పాత రంగును క్రొత్త రంగును మూలలో కలియునట్లు చేసి, ఒక గోడను పూర్తిగా వేయించుడు. రెండు గోడలమీద వెలుతురు సహజముగానే వేఱుగా పడును గనుక, మూలలో స్వల్పభేదము కంటికి ఆనదు.

కడపట ఒక హెచ్చరిక. పూర్వపు ఎనామెలు ఎఱుపులు కొన్ని సీసముతో చేయబడినవి. 2017 నవంబరు 1 నుండి మన దేశమున ఇండ్ల రంగులలో సీసము పది లక్షల పాళ్లలో 90 పాళ్లకు మించరాదని నియమము అమలునకు వచ్చినది. పాత డబ్బామీది ఛాయ నేడు సరిగా రాకపోవుటకు ఇదియు నొక కారణము. అందులకు విచారింప బనిలేదు. కాని పాత తలుపులను పొడిగా గీకినచో లేచు ధూళి పసిపిల్లల మెదడునకు హాని చేయును. తడిపి గీకింపుడు, కాల్చి తీయింపవలదు, పిల్లలను, గర్భిణులను ఆ చోటికి రానీయక, రాలిన పెచ్చుల నన్నిటిని ఏరి మూటకట్టింపుడు. పెచ్చు తీసిన చేతులను మీరును సబ్బుతో కడుగుకొనుడు.

ఇంత చేసినను రెండు కంపెనీల ఎఱుపులు ఎల్లవేళల అచ్చుగుద్దినట్లు ఉండునని మాట ఇయ్యజాలము. కాని తేడా ఎంత వచ్చునో పని మొదలుకాకముందే అట్టమీద తెలిసిపోవును. అప్పుడు ఒప్పుకొనుటయో మానుటయో మీ యిష్టము. పనివాని కూలికి మాత్రము తగవు ఉండదు. సెలవు.