ఎం.డి.తో పాటు ఎం.పి.హెచ్. - ఆ అదనపు ఏడాది దేనికి?

పోయిన నవంబరులో ఒక శనివారం, మిత్రుల ఇంట్లో భోజనాలయ్యాక, ఆ ఇంటి ఇల్లాలు నన్ను పక్కకు పిలిచి "అన్నయ్యగారూ, మా అమ్మాయికి మీరైనా కాస్త నచ్చజెప్పండి" అన్నారు. అమ్మాయి మెడికల్ స్కూల్లో మూడో సంవత్సరం చదువుతోంది. నాలుగో సంవత్సరంలోకి వెళ్ళేముందు ఒక ఏడాది ఆగి, మాస్టర్ ఆఫ్ పబ్లిక్ హెల్త్, అంటే ఎం.పి.హెచ్. చేస్తానంటోందట. వాళ్ళాయన ప్రశ్న సూటిగా ఉంది: "ఆ డిగ్రీతో ఒక్క పేషెంటునైనా అదనంగా చూడొచ్చా? జీతం పెరుగుతుందా? మరి ఇంకో ఏడాదీ, ఇంకో అప్పూ ఎందుకు?"

న్యాయమైన ప్రశ్నలే. ఇలాంటి మాటలు ఈ దేశంలో చాలా తెలుగు ఇళ్ళలో నడుస్తుంటాయి కనుక, ఆ రోజు నేను చెప్పినవీ, చెప్పడం మరిచినవీ కలిపి ఇక్కడ వ్రాస్తున్నాను.

ముందు నా తప్పు ఒప్పుకోవాలి. మేము ఎంబీబీఎస్ చదివే రోజుల్లో ప్రివెంటివ్ అండ్ సోషల్ మెడిసిన్ అంటే అందరికీ చులకన. పార్కు పుస్తకం పరీక్షకు నెల ముందు తెరిచి, పాసవగానే మూసేసేవాళ్ళం. ఆ చిన్నచూపునే ఇక్కడికి మోసుకొచ్చాం, పిల్లలకూ అంటించాం.

ఒకే మందు, రెండు పనులు

తేడా అర్థం కావడానికి మనకు తెలిసిన బోదకాలు జబ్బునే తీసుకుందాం. దానికి వాడే డైఇథైల్ కార్బమజీన్ మందు వెనుక మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారి కృషి ఉంది. మద్రాసులో వైద్యం చదివిన ఆయన 1923లో బోస్టన్ చేరి, హార్వర్డులో ఉష్ణదేశ వ్యాధుల చదువుతో మొదలుపెట్టి, తర్వాత బయోకెమిస్ట్రీలో పిహెచ్.డి. చేశారు. ఈ మందు 1940లలో లెడర్లీ సంస్థలో ఆయన నాయకత్వంలో జరిగిన పరిశోధన ఫలం.

డాక్టరు ఆ మాత్రను రోగికి ఇస్తాడు. అది వైద్యం. అదే మాత్రను ఏడాదికోసారి ఇంటింటికీ తిరిగి, కాలు వాచినవారికీ, ఏ లక్షణమూ లేనివారికీ కూడా ఇస్తారు. ఎందుకంటే ఆరోగ్యంగా కనిపించే మనిషి రక్తంలోనూ ఆ క్రిములుండవచ్చు, దోమ వాటిని పక్కింటికి చేరవేయవచ్చు. ఇది ప్రజారోగ్యం. ఇక్కడ రోగి ఒక మనిషి కాదు, ఊరు. ఎంతమంది మింగితే వ్యాప్తి ఆగుతుంది, ఏ వీధిలో మింగడం లేదు, ఎందుకు మింగడం లేదు అన్నవి స్టెతస్కోపుతో తేలే ప్రశ్నలు కావు. వాటికి వేరే చదువు కావాలి.

లవం, హారం

ఈ రెండు చదువులూ ఒకే మనిషిలో కలిస్తే ఏం జరుగుతుందో మిషిగన్ రాష్ట్రంలోని ఫ్లింట్ నగరం చూపించింది. 2014 ఏప్రిల్‌లో ఆ ఊరికి డెట్రాయిట్ నీళ్ళు ఆపి, ఫ్లింట్ నది నీళ్ళు ఇవ్వడం మొదలుపెట్టారు. గొట్టాలు తినేయకుండా కలపాల్సిన మందు కలపలేదు. పాత గొట్టాల్లోని సీసం కుళాయి నీళ్ళలోకి దిగింది.

పసిపిల్లల ఒంట్లో కొద్దిపాటి సీసం చేరితే జ్వరం రాదు, దద్దుర్లు రావు. ఒక్కొక్క బిడ్డనూ ఎంత శ్రద్ధగా పరీక్షించినా పైకి ఏమీ కనిపించకపోవచ్చు. అక్కడి పిల్లల డాక్టరు మోనా హన్నా-అటీషా వైద్యపట్టాతో పాటు ఎం.పి.హెచ్. కూడా చేసిన మనిషి. ఆవిడ ఒక్క బిడ్డ రిపోర్టు దగ్గర ఆగలేదు. నీళ్ళు మారకముందు, మారిన తర్వాత అయిదేళ్ళలోపు పిల్లల రక్తపరీక్షలన్నీ పక్కపక్కన పెట్టి లెక్క కట్టారు. రక్తంలో సీసం ఎక్కువున్న పిల్లలు 2.4 శాతం నుంచి 4.9 శాతానికి పెరిగారు. 2015 సెప్టెంబరు 24న ఆ లెక్క పత్రికలవారి ముందు పెట్టారు. రాష్ట్ర అధికారులు మొదట కొట్టిపారేశారు, కొద్దిరోజుల్లో ఒప్పుకున్నారు. అక్టోబరులో ఊరికి మళ్ళీ డెట్రాయిట్ నీళ్ళు వచ్చాయి.

చిన్నప్పుడు భిన్నాల్లో లవం, హారం నేర్చుకున్నాం కదా. జబ్బుపడి మన ముందుకొచ్చినవారు లవం. వాళ్ళు ఎంతమందిలోంచి వచ్చారన్నది హారం. డాక్టరుకు రోజంతా లవమే కనిపిస్తుంది. హారం కూడా చూడడం నేర్పేది ఎం.పి.హెచ్.

చదువు ఎలా సాగుతుంది?

నిజానికి ఈ రెండూ మొదటినుంచీ వేరు కావు. 1910 ఫ్లెక్స్‌నర్ నివేదిక తర్వాత వైద్యవిద్య ఆసుపత్రి, ప్రయోగశాలల చుట్టూ స్థిరపడింది. 1916లో జాన్స్ హాప్కిన్స్‌లో ప్రజారోగ్యానికి విడిగా స్కూలు ఏర్పడింది. దారులు అలా చీలాయి. ఉమ్మడి డిగ్రీ ఆ చీలిక మీద వంతెన.

ఎం.పి.హెచ్.కి గుర్తింపు పొందిన స్కూళ్ళలో కనీసం 42 సెమిస్టర్ క్రెడిట్లు ఉండాలి. గణాంకశాస్త్రం, ఎపిడెమియాలజీ, పర్యావరణ ఆరోగ్యం, ఆరోగ్య విధానాలు - నిర్వహణ, మనుషుల అలవాట్లూ సమాజమూ, ఇవి ముఖ్యాంశాలు. వీటితో పాటు ఏదైనా ఆరోగ్యశాఖలోనో, స్వచ్ఛంద సంస్థలోనో పనిచేసి చూపాలి. విడివిడిగా చదివితే నాలుగూ రెండూ కలిపి ఆరేళ్ళు పట్టేది, కొన్ని క్రెడిట్లు రెండు డిగ్రీలకూ చెల్లుతాయి కనుక సాధారణంగా అయిదేళ్ళలో పూర్తవుతుంది. తులేన్ వంటి కొన్నిచోట్ల నాలుగేళ్ళలోనే ముగించే ఏర్పాటుంది, అయితే సెలవులు మిగలవు. ఎక్కువచోట్ల రెండో ఏడాది తర్వాతో, మూడో ఏడాది తర్వాతో విరామం తీసుకుంటారు. నన్నడిగితే మూడో ఏడాది తర్వాతే మేలంటాను. అప్పటికి వార్డుల్లో తిరిగి ఉంటారు, మనసులో సొంత ప్రశ్నలు పుట్టి ఉంటాయి.

ఖర్చు సంగతి

దీన్ని దాటవేయకూడదు. 2025లో వచ్చిన చట్టం ప్రకారం, 2026 జూలై 1 నుంచి కొత్తగా అప్పు తీసుకునేవారికి గ్రాడ్ ప్లస్ ఋణాలు లేవు. వైద్యవిద్యకు ఫెడరల్ ఋణం ఏడాదికి 50,000 డాలర్లు, మొత్తం 2,00,000 డాలర్లు దాటదు. కాబట్టి అయిదో ఏడాదికి డబ్బు ఎక్కడినుంచి వస్తుందో ముందే ఫైనాన్షియల్ ఎయిడ్ ఆఫీసుతో కూర్చుని తేల్చుకోవాలి. ఉమ్మడి కోర్సుకు ఫీజు రాయితీ ఉందేమో అడగాలి.

పేషెంట్లను చూసినందుకు వచ్చే జీతం ఈ డిగ్రీ వల్ల పెరగదు. ఇది పెద్దలకు స్పష్టంగా చెప్పవలసిన మాట. రెసిడెన్సీ దరఖాస్తులో ఒక వరుస పెరుగుతుందని మాత్రమే చేసేవారు మానుకోవడం మంచిది. ఇప్పుడే తేల్చుకోలేనివారికి వేరే దారులున్నాయి. ప్రివెంటివ్ మెడిసిన్ రెసిడెన్సీలో ఈ చదువు శిక్షణలో భాగంగానే వస్తుంది. ఉద్యోగం చేసుకుంటూ తర్వాత చదివేవారూ ఉన్నారు.

ఇండియాలో ఎంబీబీఎస్ అయి ఇక్కడికి ఎం.పి.హెచ్.కి రావాలనుకునే మేనల్లుళ్ళు, మేనకోడళ్ళు మనందరికీ ఉన్నారు. వాళ్ళకు ఒక హెచ్చరిక. ఈ డిగ్రీ లైసెన్సు ఇవ్వదు, రెసిడెన్సీకి బదులు కాదు. యు.ఎస్.ఎమ్.ఎల్.ఇ. పరీక్షలు, ఇ.సి.ఎఫ్.ఎమ్.జి. సర్టిఫికెట్ మామూలే. 2022 జనవరి నుంచి స్టెప్ 1కి మార్కులు లేవు, పాస్ లేక ఫెయిల్ మాత్రమే. చదువయ్యాక పనిచేసుకునే గడువు కూడా కోర్సును బట్టి మారుతుంది. ఎపిడెమియాలజీ వంటి కొన్ని శాఖలే స్టెమ్ జాబితా కిందికి వస్తాయి. చేరకముందే స్కూలును అడిగి తెలుసుకోవాలి.

మన ఇంటి లెక్క

ఇంతా చెప్పాక, ఆ అమ్మాయినే అడిగాను, "నీకెందుకమ్మా ఈ చదువు?" అని.

"అంకుల్, నాన్నకి 47 ఏళ్ళకే స్టెంట్ వేశారు కదా. ఆయన సిగరెట్ కాల్చరు, లావుగా ఉండరు. అమ్మావాళ్ళ పాట్‌లక్‌కి వచ్చే అంకుల్స్‌లో ఇంకో నలుగురికి అదే కథ. ఇది నాన్న ఒక్కరి జబ్బేనా?" అంది.

మిత్రుడి అనుమతితోనే ఈ మాట వ్రాస్తున్నాను. ఆ ప్రశ్నకు జవాబు వెతికే పని 2010లో మొదలైంది. దాని పేరు మసాలా అధ్యయనం. పేరు చూసి నవ్వుకోకండి. అంతవరకూ చాలా లెక్కల్లో మనల్ని "ఏషియన్" అన్న ఒకే గడిలో చైనా, జపాన్ వారితో కలిపేసేవారు. మన హారం మనకు లేదు. శాన్ ఫ్రాన్సిస్కో, చికాగో ప్రాంతాల్లో 906 మంది దక్షిణాసియావారిని పరీక్షించి, మిగతా జాతులతో పోల్చి చూస్తే, వయసు తేడాలు సవరించాక కూడా మధుమేహం తెల్లవారిలో 6 శాతం, మనలో 23 శాతం ఉంది.

ఇలాంటి లెక్కల వల్లే 2015లో అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ ఏషియన్ అమెరికన్లకు బి.ఎమ్.ఐ. 25 దాకా ఆగకుండా 23 నుంచే మధుమేహ పరీక్ష చేయమంది. 2018 కొలెస్టరాల్ మార్గదర్శకాలు దక్షిణాసియా సంతతిని గుండెజబ్బు ముప్పు పెంచే అంశాల్లో చేర్చాయి. ఈ రోజు మీ డాక్టరు "సన్నగా ఉన్నా షుగర్ చూద్దాం" అంటున్నారంటే, ఎవరో ఓపికగా మనల్ని లెక్కపెట్టినందువల్ల.

మిత్రుడు చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత కూతురితో, "ఫీజు వివరాలు ప్రింటు తీసిపెట్టు, రేపు కూర్చుని చూద్దాం" అన్నాడు. ఒప్పుకున్నట్టా కాదా అని వాళ్ళావిడ నా వైపు చూశారు. లెక్కలు వేయడానికి కూర్చుంటున్నాడు కదమ్మా, మొదలు అక్కడే అన్నాను.

మీ ఇంట్లోనూ ఇలాంటి మాట వస్తే, "జీతం పెరుగుతుందా?" అన్న ప్రశ్న తప్పకుండా అడగండి. దాంతో పాటు "నువ్వు ఏ ప్రశ్నకు జవాబు వెతుకుతున్నావు?" అని కూడా అడగండి. రెండోదానికి పిల్లల దగ్గర జవాబుంటే, ఆ ఏడాది వృథా పోదు.