చమురు సొమ్ము, ఫుట్‌బాల్ ఆట, మన వలస కూలీలు

పాత కరీంనగర్, ఆదిలాబాదు జిల్లాలలో 'దుబాయి పోవుట' అనే మాటలో గల్ఫు దేశాలన్నీ ఇమిడి ఉన్నాయి. దోహా పోయినవాడూ, మస్కటు పోయినవాడూ, రియాదు పోయినవాడూ ఊరివారి లెక్కలో దుబాయి పోయినవాడే. 1973లో చమురు ధర ఒక్కసారిగా నాలుగింతలు పెరిగినది. ఆ సొమ్ముతో గల్ఫు దేశాలు రోడ్లు, రేవులు, నగరాలు కట్టనారంభించగా, వర్షాధారపు సేద్యం మీద బ్రతుకుతున్న మన పల్లెల నుండి కూలీలు తరలిపోయారు. జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్ ప్రాంతాలలో గల్ఫు గాలి తగలని ఊరు అరుదు.

2022 నవంబరు 20 నుండి డిసెంబరు 18 వరకు ఖతర్‌లో ప్రపంచ కప్ ఫుట్‌బాల్ పోటీలు జరిగాయి. ఒక అరబ్బు దేశంలో, ఒక ముస్లిం దేశంలో ఈ పోటీలు జరగడం అదే మొదటిసారి. ప్రారంభోత్సవంలో ఖుర్ఆన్ వాక్యాలు వినిపించాయి. మొరాకో జట్టు సెమీఫైనల్ దాకా వెళ్ళినది. ఆ దృశ్యాలు చూచి మన యువకులు సంతోషించారు. అది సహజమే, అందులో తప్పు లేదు. కాని అదే ఖతర్‌లో ఆ పన్నెండేళ్ళపాటు సాగిన నిర్మాణాలలో చెమటోడ్చినవారిలో మన ప్రాంతపు మనుషులు కూడా ఉన్నారు. వారిలో కొందరు శవపేటికలలో తిరిగివచ్చారు. కనుక చమురు రాజ్యాలు బంతి ఆట మీద ఇంత ధనం ఎందుకు వెచ్చిస్తున్నాయి, అందులో మన పాలు ఏమిటి అనే ప్రశ్నలు దూరపు ప్రశ్నలు కావు. వాటిని క్రమంగా పరిశీలిద్దాం.

ఇది ఎప్పుడు మొదలైనది?

చమురు ధనం ఆట వైపు మళ్ళడం నిన్న మొన్నటి సంగతి కాదు. 1978లోనే బ్రెజిల్ ప్రపంచ విజేత రివెలినోను సౌదీ క్లబ్బు అల్ హిలాల్ తెచ్చుకున్నది. కువైటు దేశం తన జట్టుకు బ్రెజిల్ నుండి జగాలో, పరేరా వంటి శిక్షకులను రప్పించి 1982 ప్రపంచ కప్‌కు అర్హత సంపాదించినది. ఆ పోటీలో ఫ్రాన్సు వేసిన ఒక గోలు చెల్లదని వాదిస్తూ కువైటు రాజవంశీకుడు షేక్ ఫహద్ స్వయంగా మైదానంలోకి దిగి రాగా, రెఫరీ ఆ గోలును రద్దు చేశాడు. ప్రపంచమంతా విస్తుపోయినది. ఎనిమిదేళ్ళ తరువాత, 1990 ఆగస్టు 2న, ఇరాకు సైన్యం కువైటు మీద పడిన రోజున అదే షేక్ ఫహద్ ప్రాణాలు కోల్పోయారు. చిన్న రాజ్యానికి ధనం ఎంత ఉన్నా రక్షణ అంతంతమాత్రమేనని గల్ఫు పాలకులకు ఆ రోజు తెలిసివచ్చినది. తరువాతి కథకు ఈ భయం ఒక మూలం.

కొనుగోళ్ళ వరుస

2008లో అబూదాబి రాజవంశీకుడు షేక్ మన్సూర్‌కు చెందిన సంస్థ ఇంగ్లండులోని మాంచెస్టర్ సిటీ క్లబ్బును కొన్నది. 2011లో ఖతర్ ప్రభుత్వ సంస్థ ప్యారిస్ క్లబ్బు పారీ సాంజెర్మేన్‌లో అధిక వాటా తీసుకుని, మరుసటి సంవత్సరం పూర్తిగా సొంతం చేసుకున్నది. 2021 అక్టోబరులో సౌదీ ప్రభుత్వ పెట్టుబడి నిధి నాయకత్వాన మరొక ఇంగ్లీషు క్లబ్బు న్యూకాసిల్ 30.5 కోట్ల పౌండ్లకు చేతులు మారినది. మాంచెస్టర్ సిటీ 2023లోను, ప్యారిస్ క్లబ్బు 2025లోను యూరపు విజేతలుగా నిలిచాయి.

క్లబ్బుల మీద ఆగలేదు. విమాన సంస్థల పేర్లు ఆటగాళ్ళ చొక్కాల మీదికి, మైదానాల మీదికి ఎక్కాయి. ఖతర్‌కు చెందిన బీఇన్ టెలివిజను అనేక దేశాలలో ఆటల ప్రసార హక్కులు కొన్నది. అబూదాబి వారి సిటీ ఫుట్‌బాల్ గ్రూపు 2019లో మన దేశానికే వచ్చి ముంబాయి సిటీ క్లబ్బులో 65 శాతం వాటా తీసుకున్నది. సౌదీ నిధి 2023 జూనులో స్వదేశంలోని నాలుగు పెద్ద క్లబ్బులలో 75 శాతం చొప్పున వాటా చేజిక్కించుకున్నది. వాటిలో ఒకటైన అల్ నస్ర్‌లో అంతకు కొన్ని నెలల ముందే రొనాల్డో చేరి ఉన్నాడు.

ఎందుకు ఇంత వ్యయం?

మొదటి కారణం గుర్తింపు. ఖతర్ జనాభా సుమారు 30 లక్షలు. అందులో స్వదేశీయులు పదోవంతుకు కాస్త అటు ఇటుగా ఉంటారు. అంతటి చిన్న దేశం పేరు ప్రపంచంలో ప్రతి పిల్లవానికీ తెలియాలంటే ఫుట్‌బాల్‌ను మించిన సాధనం లేదు. పేరు తెలిసిన దేశం మీద చేయి వేయడానికి శత్రువు రెండుసార్లు ఆలోచిస్తాడు.

దీనికి 2017 నిదర్శనం. ఆ జూను 5న సౌదీ, అరబ్ ఎమిరేట్లు, బహ్రెయిన్, ఈజిప్టు ఖతర్‌తో సంబంధాలు తెంచుకుని దారులు మూసివేశాయి. రెండు నెలలకే ప్యారిస్ క్లబ్బు 22.2 కోట్ల యూరోలు చెల్లించి నెయ్‌మార్‌ను తీసుకున్నది. అంత ధర అంతకు ముందు ఏ ఆటగానికీ పలకలేదు. తాము ఒంటరి కాలేదని, ఖజానా చెక్కుచెదరలేదని లోకానికి చాటిన ప్రకటనగా దానిని చాలామంది అర్థం చేసుకున్నారు. ఆ దిగ్బంధం 2021 జనవరిలో ముగిసినది.

రెండవ కారణం చమురు తరువాతి బ్రతుకు. భూమిలోని చమురు ఏనాటికైనా తరుగుతుంది, లేదా దాని గిరాకీ తగ్గుతుంది. కనుక పర్యాటకం, విమానయానం, వినోదం వంటి ఆదాయమార్గాలు కావాలి. 2016లో సౌదీ ప్రకటించిన 'విజన్ 2030' పథకం సారాంశం ఇదే.

మూడవది, విమర్శను మరపించడం. మానవ హక్కుల సంఘాలు దీనికి 'స్పోర్ట్స్‌వాషింగ్' అని పేరు పెట్టాయి. అంటే ఆటతో మచ్చ కడుక్కోవడం. సౌదీ యువరాజు ముహమ్మద్ బిన్ సల్మాన్ 2023లో ఒక అమెరికా టెలివిజను సంభాషణలో, దీనివల్ల తమ జాతీయాదాయం ఒక శాతం పెరిగితే ఆ పని కొనసాగిస్తానని దాపరికం లేకుండా చెప్పారు.

ఇక్కడ న్యాయంగా ఒక మాట చెప్పాలి. ఈ విమర్శలు చేసే పాశ్చాత్య దేశాలే గల్ఫుకు ఆయుధాలు అమ్ముతాయి, గల్ఫు పెట్టుబడులను రెండు చేతులా అందుకుంటాయి. వారి విమర్శలో కొంత కపటం ఉన్నదని అనేవారి మాట త్రోసివేయరానిది. అయితే అవతలివాడి కపటం మన కూలి మనిషి కష్టానికి సమాధానం కాజాలదు. విమర్శించినవాడు ఎవడని కాక, విమర్శ నిజమా కాదా అని చూడటమే న్యాయదృష్టి.

మైదానాలు ఎవరు కట్టారు?

2010 డిసెంబరు 2న ఖతర్‌కు ప్రపంచ కప్ దక్కినది. 8 మైదానాలు, మెట్రో రైలు, రోడ్లు, హోటళ్ళు, లుసైల్ అనే కొత్త నగరం, అన్నీ కలిపి 20 వేల కోట్ల డాలర్లకు పైగా ఖర్చయినదని అంచనా. ఈ పని చేసినవారు భారతదేశం, నేపాలు, బంగ్లాదేశ్, పాకిస్తాన్, శ్రీలంక తదితర దేశాల నుండి వెళ్ళినవారు.

వారిని కట్టివేసినది 'కఫాలా' పద్ధతి. కూలివాని అకామా అతని కఫీల్ చేతిలో ఉంటుంది. పూర్వం కఫీల్ ఒప్పుకోకుంటే వేరే పనిలో చేరరాదు, దేశం విడిచి రారాదు. జీతం ఇవ్వని కఫీల్ వద్ద నుండి పారిపోయినవాడు మనవాళ్ళ మాటలో 'ఖల్లివెల్లి' అయ్యేవాడు. అంటే కాగితాలు లేక దాగి బ్రతికేవాడు. ఊరిలో ఏజెంటుకు అప్పు చేసి కట్టిన సొమ్ము, దాని మిత్తి అతని మెడ మీద కత్తివలె ఉండేవి.

'సహజ మరణం'

2021 ఫిబ్రవరిలో ఇంగ్లండు పత్రిక 'గార్డియన్' ఒక లెక్క ప్రచురించినది. 2010 తరువాతి పదేళ్ళలో దక్షిణాసియాలోని పై ఐదు దేశాలవారు 6,500 మందికి పైగా ఖతర్‌లో మరణించారని, వారిలో భారతీయులు 2,711 మంది అని అది తెలిపినది. ఈ అంకెను జాగ్రత్తగా చదవాలి. ఇది అన్ని వృత్తులవారి, అన్ని కారణాల మరణాల లెక్క. వీరంతా మైదానాలలో చనిపోయారని చెప్పడం సరికాదు. ఖతర్ నిర్వాహకులు మైదానాల పనిలో ప్రమాదం వల్ల మరణించినవారు ముగ్గురేనని చెప్పారు. తరువాత 2022 నవంబరులో నిర్వాహక సంఘ కార్యదర్శి, ప్రపంచ కప్ సంబంధిత నిర్మాణాలన్నిటిలో 400 నుండి 500 వరకు మరణాలు ఉండవచ్చునని ఒక సంభాషణలో అన్నారు. అంతర్జాతీయ కార్మిక సంస్థ పరిశీలన ప్రకారం 2020 ఒక్క సంవత్సరంలోనే ఆ దేశంలో పని సంబంధంగా 50 మంది మరణించారు, 500 మందికి పైగా తీవ్రంగా గాయపడ్డారు.

అంకెల వాదం ఇక్కడ ఉండగా, మన కుటుంబాలకు అసలు దెబ్బ మరొక చోట తగులుతున్నది. గార్డియన్ లెక్కలో భారతీయుల మరణాలలో 80 శాతం 'సహజ మరణాలు'గా నమోదయ్యాయి. ముప్పై ఏళ్ళ మనిషి రాత్రి క్యాంపులో నిద్రపోయి తెల్లవారి లేవకపోతే, గుండె ఆగినదని వ్రాసి శవాన్ని పంపడం పరిపాటి. పగలంతా ఎండలో చేసిన పనికి, ఆ గుండె ఆగడానికి సంబంధం ఉన్నదా అని శవపరీక్షతో తేల్చడం అరుదు. ఆ ఒక్క మాట కాగితం మీద పడగానే, పని వల్ల కలిగిన మరణానికి రావలసిన నష్టపరిహారం దారి మూసుకుపోతుంది. భారత ప్రభుత్వపు ప్రవాసీ భారతీయ బీమా యోజన కూడా ప్రమాద మరణానికి, శాశ్వత వైకల్యానికి 10 లక్షల రూపాయలు ఇస్తుంది గాని సహజ మరణానికి ఇవ్వదు. ఒక గుమాస్తా కలం పోటు ఒక కుటుంబాన్ని అప్పులలో ముంచగలదు.

మారినవి, మారనివి

లోకం కళ్ళు తన మీద పడటం వల్ల ఖతర్ కొంత మారినది. 2017లో అంతర్జాతీయ కార్మిక సంస్థతో ఒప్పందం చేసుకున్నది. 2018లో అత్యధికులకు దేశం విడిచే అనుమతి అవసరం లేకుండా చేసినది. 2020లో కఫీల్ అనుమతి లేకుండానే పని మారే వీలు కల్పించి, నెలకు 1,000 రియాళ్ళ కనీస వేతనం నిర్ణయించినది. అది 2021 మార్చి నుండి అమలులోకి వచ్చినది. 2021లోనే వేసవిలో బయటి పనికి నిషేధపు వేళలు పొడిగించినది. ఇవి చిన్న విషయాలు కావు. అయితే చట్టం వ్రాయడం వేరు, క్యాంపు దాకా చేరడం వేరు.

హక్కుల సంఘాలు 2022లో కార్మికుల పరిహారానికి 44 కోట్ల డాలర్లు కేటాయించమని ఫిఫాను కోరాయి. అది ఆ పోటీల బహుమతుల మొత్తానికి సమానం. ఫిఫా 2024 నవంబరులో 5 కోట్ల డాలర్ల నిధి ప్రకటించినది గాని, దానిని శరణార్థుల సహాయం, ఆరోగ్యం వంటి పనులకు కేటాయించినది. నేరుగా కార్మికుల కుటుంబాలకు అందేది అందులో లేదు.

షరీఅత్ దృష్టిలో కూలి

మన ఫిఖ్హ్‌లో కూలి ఒప్పందం 'ఇజారా' అధ్యాయం క్రిందికి వస్తుంది. పని ఏమిటో, కూలి ఎంతో ముందే తెలిసి ఉండటం దాని షరతు. ఇక్కడ ఒక కాగితం మీద సంతకం చేయించి, అక్కడ దిగిన తరువాత తక్కువ జీతపు కాగితం ముందు పెట్టడం ఈ షరతునే వమ్ము చేస్తుంది. ఒకే యజమానికి తన కాలాన్ని అప్పగించిన కూలివానిని హనఫీ పండితులు 'అజీర్ ఖాస్' అన్నారు. అతడు పనికి సిద్ధంగా ఉంటే చాలు, యజమాని పని చూపకపోయినా వేతనానికి హక్కుదారుడే. పని లేదని నెలల తరబడి క్యాంపులో కూర్చోబెట్టి జీతం ఎగవేసే కంపెనీలకు షరీఅత్‌లో చోటు లేదన్నమాట. పూర్తిగా పని చేయించుకుని కూలి ఇవ్వనివానికి ప్రళయదినాన అల్లాహ్‌యే ప్రతివాదిగా నిలుస్తాడన్న భావం గల హదీసు సహీహ్ బుఖారీలో ఉన్నది. కనుక ఈ న్యాయం కోరడానికి మనకు పడమటి దేశాల పాఠం అవసరం లేదు. మన గ్రంథాల ఆధారంతోనే గల్ఫు పాలకులను అడగవచ్చును.

2034కు ముందు

2024 డిసెంబరు 11న, 2034 ప్రపంచ కప్ సౌదీ అరేబియాకు దక్కినది. 5 నగరాలలో 15 మైదానాలు వారి ప్రణాళికలో ఉన్నాయి. అంటే ఇక ముందు మన ఊళ్ళకు మళ్ళీ ఏజెంట్లు వస్తారు. సౌదీ 2021లో కొన్ని షరతుల మీద పని మారే హక్కు ఇచ్చినది గాని, ఇండ్లలో పనిచేసేవారికి, ఇంటి డ్రైవర్లకు, వ్యవసాయ కూలీలకు అది వర్తించలేదు.

పోయేవాడు కొన్ని సంగతులు తెలుసుకుని పోవాలి. రిజిస్టరయిన ఏజెంటు తీసుకోగల రుసుము 30,000 రూపాయలు, దాని మీద పన్ను మాత్రమే. పదవ తరగతి చదవనివారు గల్ఫుకు పనికి పోవాలంటే ఎమిగ్రేషన్ అనుమతి, దానితోపాటు బీమా తప్పనిసరి. ఆజాద్ వీసా, విజిట్ వీసా మీద పోయినవానికి ఈ రక్షణలు అందవు. బీమా రెండు మూడేళ్ళకు ముగుస్తుంది గనుక మళ్ళీ కట్టుకోవాలి. ఒప్పందం నకలు ఒకటి ఇంట్లో ఉంచాలి. తెలంగాణ ప్రభుత్వం 2023 డిసెంబరు 7 నాటి నుండి గల్ఫులో మరణించినవారి కుటుంబాలకు 5 లక్షల రూపాయల సహాయం ఇవ్వాలని 2024 సెప్టెంబరులో ఉత్తర్వు చేసినది. ఈ సంగతి తెలియని ఇండ్లు ఇంకా ఉన్నాయి. జుమా నమాజు తరువాత పది నిమిషాలు ఈ విషయాలు చెప్పగలిగితే మన మసీదు కమిటీలు ముస్లిములకే కాదు, ఊరందరికీ మేలు చేసినవారవుతారు. గల్ఫు పోయేవారిలో అన్ని మతాలవారూ ఉన్నారు గదా.

చివరిగా ఒక సంగతి జ్ఞాపకం చేసుకుందాం. హైదరాబాదు ఉపాధ్యాయుడు సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలో మన సిటీ పోలీసు జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్పు గెలిచినది. ఆయన శిక్షణలోనే భారత జట్టు 1956 ఒలింపిక్స్‌లో నాలుగవ స్థానం, 1962 ఏషియన్ క్రీడలలో స్వర్ణం సాధించినది. ఆ కీర్తి వెనుక చమురు నిధి లేదు, ఒక గురువు శ్రమ ఉన్నది. ధనంతో క్లబ్బును కొనవచ్చు, మైదానం కట్టవచ్చు. కట్టిన కూలివానికి ఇవ్వవలసినది ఇచ్చినప్పుడే ఆ మైదానం ఒక ముస్లిం దేశానికి నిజమైన గౌరవం అవుతుంది.