ఆవకాయ పెట్టేశారా? ఇక మారిషస్ బయల్దేరండి!

మే నెలలో మన ముక్త్యాల, జగ్గయ్యపేట ఎండల సంగతి మీకు చెప్పాలా! ఎదురుగా కృష్ణమ్మ ఉన్నా మధ్యాహ్నం గడప దాటలేం. సరిగ్గా అప్పుడే మారిషస్‌లో చలికాలం మొదలవుతుంది. భూమధ్యరేఖకు దక్షిణాన ఉంది కదా, కాలాలు తారుమారు. చలంటే వణికే చలి కాదు లెండి, సాయంత్రాలకి పల్చటి శాలువా చాలు. జనవరి నుంచి మార్చి దాకా తుపానుల భయం ఉంటుంది కనుక పిల్లల వేసవి సెలవులే మనకు అనుకూలం.

ముంబయి నుంచి విమానంలో ఆరు గంటలు. దిగాక గడియారం గంటన్నర వెనక్కి తిప్పుకోవాలి. మనవాళ్లకు వీసా అక్కడే ఇస్తారు. తిరుగు టిక్కెట్టు, బస కాగితాలు చేతిసంచిలోనే ఉంచుకోండి, పెట్టె అడుగున కాదు!

అసలు చిక్కు బస దగ్గరే. "వంటగది ఉన్న గది తీసుకుందాం, ఖర్చు కలిసొస్తుంది, నీ చేతి వంటా తినొచ్చు" అంటారు మీవారు. మురిసిపోయి తలూపేశారో, అయిపోయారే! కిటికీలోంచి సముద్రం కనబడుతుంటే మీరు పప్పు ఉడికిందో లేదో చూస్తూ నిలబడాలా? ఆ డబ్బులో మీరు కూడబెట్టిందీ ఉందిగా. ఉదయం ఫలహారం, రాత్రి భోజనం అద్దెలోనే కలిసే చోటు అడగండి. కావలిస్తే ఒక రోజు తగ్గించుకోండి గానీ పొయ్యి మాత్రం వద్దు. మధ్యాహ్నానికి వీధుల్లో ధోల్ పూరీ దొరుకుతుంది. పప్పుపొడి కూరిన పల్చటి రొట్టె, కూరా పచ్చడీ వేసి చుట్టిస్తారు. శాకాహారులకు బెంగలేదు.

చలికాలంలో తూర్పు తీరాన గాలి విసురు ఎక్కువ. చిన్నపిల్లలుంటే పడమటి వైపు ఫ్లిక్ ఆన్ ఫ్లాక్‌లో దిగండి. షమరేల్ రంగుల మట్టిదిబ్బలు, గంగా తలావ్ ఒకే రోజులో చూడొచ్చు. పోర్ట్ లూయీలో ఆప్రవాసీ ఘాట్ మాత్రం వదలకండి. ఒప్పంద కూలీలు ఓడ దిగి ఎక్కిన మెట్లు అక్కడున్నాయి. వాళ్లలో మన తెలుగువాళ్లూ ఉన్నారు. వాళ్ల సంతతి ఇప్పుడు ఇళ్లలో ఎక్కువగా క్రియోల్ మాట్లాడినా, అక్కడ ఉగాదికి దేశమంతా సెలవు. 1990లో మూడో ప్రపంచ తెలుగు మహాసభలు జరిగిందీ అక్కడే.

కరివేపాకు, పచ్చి మామిడికాయలు పెట్టెలో దాచకండి. అనుమతి లేనిదే మొక్కలు, పళ్లు, కూరగాయలు రానివ్వరు. ఆవకాయ మూడోనాడు కలిపి, వాసెన కట్టి మరీ బయల్దేరండి. వచ్చేసరికి చక్కగా ఊరి ఉంటుంది.