మంచుకొండలకు పోవు మన పిల్లలు

సండూరు లోయలో పుట్టి పెరిగిన వారికి కొండలు క్రొత్తవి కావు. అయినను మంచుకొండ యన్నది మన మెరుగని వస్తువు. అట్టి దానిని గూర్చి మన పాఠశాల సంచికలో వ్రాయుట యేల యని తల్లిదండ్రులు శంకింపవచ్చును. మన ప్రాంతపు పిల్లలు సైన్యమున చేరుచున్నారు. కళాశాలలకు పోయిన పిమ్మట స్నేహితులతో గూడి చలికాలమున హిమాలయ యాత్రకు బయలుదేరుచున్నారు. వారు సెలవు నడుగునది మనలనే. సంగతి తెలియక సెలవిచ్చుటయు, తెలియక కాదనుటయు, రెండును తగవు.

2016 ఫిబ్రవరి 3వ తేదీన సియాచిన్‌లో 19,600 అడుగుల ఎత్తుననున్న సైనిక స్థావరముపై పెద్ద మంచుగోడ విరిగిపడి పదిమంది సైనికులు కూరుకుపోయిరి. వారిలో నాటి కర్నూలు జిల్లాకు చెందిన ముస్తాక్ అహ్మద్, ధారవాడ జిల్లా బెటదూరుకు చెందిన హనుమంతప్ప కొప్పద ఉండిరి. హనుమంతప్ప ఆరవ దినమున ప్రాణముతో దొరికెను. కాని 11వ తేదీన ఢిల్లీ ఆసుపత్రిలో మరణించెను. పదిమందిలో ఒక్కరును మిగులలేదు. ఈ ఆపద మన ఇండ్లకు దూరమైనది కాదని చెప్పుటకు ఇంతకన్న నిదర్శన మక్కరలేదు.

సియాచిన్‌లో విరిగినది మంచుగోడ. యాత్రికులకు తరచుగా ఎదురగునది వేరొక విధమైన మంచుచరియ. దాని తీరు మనకు సుబోధమే. ఖనిజపు పొడిని కుప్పగా పోసినచో కొంత వాలు వరకు నిలుచును. అంతకు మించిన జారును. మంచు ఇంకను మోసకారి. ఒక్కొక్క తుఫానుకు ఒక్కొక్క పొరగా పేరుకొనును. క్రింది పొర కొన్నిచోట్ల పంచదార పలుకులవలె విడివిడిగా మారును. పైపొర పలకవలె బిగిసికొనును. ఆ పలకకు అడుగున పట్టు లేదు. వాలు 30 మొదలు 45 డిగ్రీల వరకు ఉన్నచోట ఇట్టి పలకలు ఎక్కువగా జారును.

ఇక తుఫాను వచ్చినచో నేమగును? ధాన్యము తూర్పారబట్టునపుడు పొట్టు గాలివాటున ఒక ప్రక్కకు చేరును గదా! అట్లే గాలి ఒక వైపు మంచును ఎత్తి కొండకు మరుగైన వైపున పోయును. ఒక దినములో అడుగు మందము మంచు పడినను క్రింది పొరపై బరువు హఠాత్తుగా పెరుగును. క్రొత్త మంచు కుదుటపడుటకు వ్యవధి యుండదు. మరునాడు ఎండ కాయును, ఆకాశము నిర్మలమగును. గండము గడచినదని యాత్రికుడు తలచును. కాని గండము ఆకాశమునుండి తొలగినదే గాని వాలునుండి తొలగలేదు. ప్రాణనష్టము కలిగిన ప్రమాదములలో పదింట తొమ్మిదింటికి కారణము ఆ మనుష్యుని బరువో, అతని తోడివారి బరువో యని పరిశోధకులు చెప్పుచున్నారు.

మంచులో కూరుకొనిన వానిని పది నిమిషములలో బయటికి తీసినచో బ్రతుకుట కవకాశ మెక్కువ. అరగంట దాటినచో ముగ్గురిలో ఒక్కడు మాత్రమే మిగులునని లెక్క. అందుచేత బయటివారి సహాయమునకై కాచుకొనియుండరాదు. ప్రక్కనున్న వారే కాపాడవలయును. ఉనికిని తెలుపు చిన్న రేడియో యంత్రము, మంచులో గ్రుచ్చి వెదకు పొడుగు కడ్డీ, పార — ఈ మూడును ఒక్కరివద్ద గాక అందరివద్ద నుండవలయును.

హెచ్చరికలు లేకపోలేదు. చండీగఢ్‌లోని రక్షణశాఖ పరిశోధన సంస్థ మంచుచరియల సూచనలను ప్రకటించుచున్నది. 2025 ఫిబ్రవరి 28న బదరీనాథ్ చెంత మానా గ్రామమువద్ద రోడ్డు పనివారి నివాసములపై మంచుచరియ పడి 54 మంది చిక్కుకొనిరి. 46 మందిని రక్షించిరి, ఎనిమిదిమంది మరణించిరి. ఆ జిల్లాకు ముందునాటి సాయంకాలమే హెచ్చరిక వెలువడియుండెను. హెచ్చరిక వెలువడుట యొకటి, దానిని విని నడచుకొనుట మరియొకటి.

కావున తల్లిదండ్రులారా, మీ బిడ్డ సెలవడిగినపుడు మూడు ప్రశ్నలు వేయుడు. నేటి హెచ్చరిక యేమి? వెంట వచ్చు మార్గదర్శి ఆ వాలుల నెరిగినవాడా? ఆ మూడు పరికరములు అందరివద్దను గలవా? పిమ్మట ఒక మాట చెప్పి పంపుడు. “నాయనా, సొమ్ము కట్టితిమని ముందుకు పోవలదు. నడుమ తిరిగివచ్చినను మేము సంతోషింతుము.” ఇంటివారు ఏమందురో, తోడివారు నవ్వుదురో యని వెనుకాడి ప్రాణము పోగొట్టుకొనువారు లేకపోలేదు. వెనుకకు తిరుగుట పిరికితనము కాదని బడిలో మేము చెప్పగలము. కాని ఆ మాట తల్లి నోట, తండ్రి నోట విన్నప్పుడే బిడ్డకు ధైర్యము కలుగును.