బండి వెనుక బండి, బండి మీద సైకిలు

ఆదివారం నాడు తెల్లవారక ముందే హెబ్బాళ దాటి దేవనహళ్ళి రోడ్డు పట్టే కార్లను ఒకసారి గమనించండి. కొన్నింటి వీపున రెండేసి సైకిళ్ళు వ్రేలాడుతూ ఉంటాయి. అవన్నీ చాలవరకు నంది కొండకు పోయేవే. బెంగళూరు మూడు వేల అడుగుల ఎత్తున ఉంటే నంది శిఖరం 4,850 అడుగుల ఎత్తున ఉన్నది. కొండ అడుగు దాకా కారులో పోయి, అక్కడ సైకిలెక్కి పైకి త్రొక్కడం మన ఊరి యువకులకు, ఈ మధ్య వారి తండ్రులకు కూడ, ఒక వ్రతమైపోయింది. సైకిలు త్రొక్కడానికి కారులో పోవడమేమిటని పెద్దవాళ్ళు నవ్వవచ్చు. ఊళ్ళో పిల్లలు త్రొక్కుకొనే చోటు ఎంత మిగిలిందో చూచిన తరువాత ఆ నవ్వు నిలువదు.

ఇక సెలవులకు లేపాక్షికో, మదనపల్లె మీదుగా హార్స్‌లీ కొండలకో పోయే కుటుంబాలున్నాయి. పిల్లలు సైకిళ్ళు లేనిదే రామంటారు. అందులోను కారు వెనుక ఒక చిన్న ఇంటిబండి, అంటే పడకలు, పొయ్యి అమర్చిన ట్రైలరు, తగిలించుకొని పోవాలని ముచ్చటపడేవారున్నారు. మన దేశంలో అటువంటి ట్రైలర్లు అరుదే గాని, లేకపోలేదు. కారు డిక్కీ సామానుతోను, వెనుక సీటు పిల్లలతోను నిండిపోయిన తరువాత సైకిళ్ళకు చోటేదన్న ప్రశ్న వస్తుంది. నూటికి తొంభైమందికి వెంటనే తోచే జవాబు ఒక్కటే: ట్రైలరు వెనుక గోడకు ఒక స్టాండు బిగించి తగిలిస్తే సరి! చూపుకు ముచ్చటగాను ఉంటుంది. కాని చోట్లన్నింటిలోను చెడ్డ చోటు అదే. ఎందుచేతనో చెప్పడానికే ఈ వ్యాసం.

ఈ ఇంటిబండి ముచ్చట కొత్తది కాదు. 1885లో గోర్డన్ స్టేబుల్స్ అనే డాక్టరు, ఒకప్పుడు ఇంగ్లండు నౌకాదళంలో పనిచేసినవాడు, బ్రిస్టలు నగరంలో ఒక బండి కట్టించుకొని దానికి ‘వాండరర్’ అని పేరు పెట్టాడు. సరదాగా తిరగడం కోసమే కట్టిన మొదటి ఇంటిబండిగా దానినే చెప్పుకుంటారు. రెండు గుర్రాలు లాగేవి. రోడ్డు మీద ఎదురు వచ్చేవారిని హెచ్చరించడానికి ఆయన నౌకరు మూడు చక్రాల సైకిలెక్కి బండికి ముందు పోయేవాడట. ఆ విధంగా ఇంటిబండితో సైకిలు స్నేహం మొదటినుంచీ ఉన్నదే. డాక్టరుగారి అదృష్టమేమంటే, ఆయన సైకిలు తన చక్రాల మీద తానే నడిచింది; దానిని మోయవలసిన పని బండికి లేకపోయింది.

బరువు సంగతి అర్థం కావడానికి ఇంగ్లండు దాకా పోనక్కరలేదు. జట్కా ఎక్కినవారెవరైనా ఉంటే జ్ఞాపకం చేసుకోండి. మనం ఎక్కి కూర్చోగానే జట్కావాడు, “ముందుకు జరగండి బాబూ, ఇంకొంచెం ముందుకు” అనేవాడు. సర్దుకున్న తరువాత గాని కళ్ళెం కదిలించేవాడు కాడు. బరువంతా వెనక్కు పడితే నొగలు పైకి లేచి గుర్రాన్ని ఎత్తినట్లవుతుంది. మరీ ముందుకు పడితే గుర్రం వీపు కుంగుతుంది. వడ్ల బస్తాలు వేసే ఎడ్లబండి సంగతీ అంతే. ఇరుసుకు వెనుక రెండు బస్తాలు ఎక్కువైతే కాడి లేచి ఎడ్ల మెడలు పట్టేస్తుంది. అందుచేత రైతు ఇరుసు మీద బరువు పెట్టి, కాడి మీద ఒక పిసరు మొగ్గు ఉంచుతాడు. కారు వెనుక ట్రైలరుకు కావలసినది కూడ ఆ పిసరు మొగ్గే. కాడికి బదులు కారు వెనుక ఒక ఇనుప గుండు ఉంటుంది, ట్రైలరు నొగ దాని మీద కూర్చుంటుంది; అంతే తేడా.

ఆ మొగ్గు ఎంత ఉండాలి? అమెరికాలో ట్రైలరు మొత్తం బరువులో నూటికి పది నుంచి పదిహేను పాళ్ళు ఉండవలెనంటారు. ఐరోపాలో అయిదు నుంచి ఏడు పాళ్ళు చాలునంటారు. మనం లెక్కకు పది పాళ్ళనుకుందాం. 600 కిలోల చిన్న ట్రైలరు, గుండు నుంచి ఇరుసుకు మూడు మీటర్లు. గుండు మీద మొగ్గు 60 కిలోలు. ఇప్పుడు వెనుక గోడకు రెండు సైకిళ్ళు తగిలిద్దాం. ఒక్కొక్కటి 15 కిలోలు, ఇనుప స్టాండు 10 కిలోలు, వెరసి 40. అది ఇరుసుకు రెండుంబావు మీటర్ల వెనుక ఉన్నదనుకోండి. 40ని రెండుంబావుతో హెచ్చవేస్తే 90, దానిని మూడుతో భాగిస్తే 30. అంటే ముందు గుండు మీదనుంచి 30 కిలోలు లేచిపోయినవి. 60 ఉండవలసినచోట 30 మిగిలింది. నలభై కిలోల సామాను పెట్టి, మొగ్గును సగానికి సగం పోగొట్టుకున్నామన్నమాట. ఆ సైకిళ్ళే బ్యాటరీ సైకిళ్ళయితే ఒక్కొక్కటి ఇరవై, ఇరవై అయిదు కిలోలు తూగుతుంది. అప్పటి లెక్క మీరే కట్టుకోండి.

మొగ్గు తగ్గిన ట్రైలరు ఊళ్ళో మెల్లగా పోయినంతసేపు ఏ చిక్కూ చూపదు. హైవే మీద డెబ్భై, ఎనభై వేగం అందుకున్నప్పుడు ఒక బస్సు పక్కనుంచి దూసుకుపోతుంది. ఆ గాలి విసురుకు ట్రైలరు తోక ఒక జానెడు పక్కకు పోతుంది. సరియైన బరువు గల ట్రైలరైతే ఒకటి రెండు ఊపులతో సర్దుకుంటుంది. తోక బరువు గలది సర్దుకోదు. ఊపు ఊపుకూ పెరుగుతుంది. బరువు ఇరుసుకు ఎంత దూరమైతే ఈ ఊపుకు అంత బలం; దూరం రెట్టింపైతే బలం నాలుగింతలు. చివరకు తోకే తలను ఆడిస్తుంది, కారు వెనుక చక్రాలు పట్టు తప్పుతాయి. అటువంటప్పుడు స్టీరింగు అటూ ఇటూ త్రిప్పి సరిచేయబోవడం, గట్టిగా బ్రేకు తొక్కడం, రెండూ ప్రమాదమే. స్టీరింగు తిన్నగా పట్టుకొని, యాక్సిలరేటరు మీదనుంచి కాలు తీసి, వేగం దానంతటది తగ్గనీయవలెను. ట్రైలరుకు విడిగా బ్రేకు ఉన్న యెడల దానిని మాత్రం మెల్లగా వేయవచ్చు. ఆగిన తరువాత మొదటి పని సామాను ముందుకు మార్చడం. “ఇక మెల్లగా పోదాం లెండి” అని మళ్ళీ బయలుదేరడం కాదు.

వెనుక గోడకు ఇంకొక బాధ ఉన్నది. అది మన వీధుల్లోని దిమ్మెలు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెసు వారి లెక్క ప్రకారం వేగం తగ్గించే దిమ్మె 10 సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు ఉండవలెను. గంటకు 25 కిలోమీటర్ల వేగంతో దానిని సుఖంగా దాటవచ్చు. మన పేటల్లో రాత్రికి రాత్రి వెలిసేవి ఆ ఎత్తే ఉంటాయి గాని, వెడల్పు మూరెడు కూడ ఉండదు. వాటి మీద ట్రైలరు తోక ఎగిరి పడినప్పుడల్లా స్టాండు అతుకులు దెబ్బ తింటాయి. చిన్న ట్రైలరు గోడ పలుచని రేకు, లోపల కొయ్య చట్రం. నలభై కిలోలు ఊగడానికి కట్టినది కాదు. అతుకు విడిపోవడం డ్రైవరుకు కనపడదు, వినపడదు. తెలిసేది వెనుక వచ్చే స్కూటరువాడికి. భార్యను వెనుక, బిడ్డను ముందు కూర్చోబెట్టుకొని పోయేవాడి ఎదుట ఒక సైకిలు రోడ్డు మీద పడితే ఏమవుతుందో వ్రాయనక్కరలేదు.

మరి ఎక్కడ పెట్టాలి? నా ఓటు ట్రైలరు లోపలికే. ప్రయాణంలో ట్రైలరులో మనుషులు ఎలాగూ కూర్చోకూడదు, ఆ చోటు ఖాళీగానే ఉంటుంది. పరుపులు చుట్టి ఒక వైపు పెట్టి, సైకిళ్ళ ముందు చక్రాలు ఊడదీసి, హేండిలు పక్కకు త్రిప్పి, సరిగా ఇరుసు పైన నేల మీద ఉంచి కట్టినట్లయితే గుండు మీద మొగ్గు మారనే మారదు. గొలుసు జిడ్డు పరుపులకు అంటుతుందని ఇంట్లోవాళ్ళు అభ్యంతరం చెబుతారు. అది న్యాయమైన అభ్యంతరమే. పాత దుప్పటి ఒకటి దానికోసం కేటాయించవలెను.

లోపల చోటు లేకపోతే ట్రైలరు ముందు, నొగ మీద స్టాండు. పాశ్చాత్య దేశాలలో చాలామంది ఇలాగే తీసుకుపోతారు. ఇందులోను లెక్క చూడాలి. ఇందాకటి నలభై కిలోలనే ఇరుసుకు రెండుంబావు మీటర్ల ముందు పెడితే గుండు మీద 30 కిలోలు పెరిగి 90 అవుతుంది. చిన్న కార్ల గుండు అంత మోయలేకపోవచ్చు. ఎంత మోయగలదో కారు పుస్తకంలో వ్రాసి ఉంటుంది. అప్పుడు నీళ్ళ డబ్బాలను, గ్యాసు బండను కొంచెం వెనక్కు, ఇరుసు దగ్గరకు జరపవలెను. మలుపులో ట్రైలరు మూల కారుకు దగ్గరగా వస్తుంది కనుక సైకిలు హేండిలు కారు అద్దానికి తగలకుండ ఉన్నదో లేదో ఒక మైదానంలో పూర్తిగా త్రిప్పి చూచుకోవాలి. నంది కొండ మలుపులో కనిపెట్టవలసిన విషయం కాదది.

కారు నెత్తి మీద పెట్టుకోవచ్చును. ట్రైలరు బరువుతో దానికి సంబంధం లేదు. కాని కారు పైకప్పు మోసేది సాధారణంగా 50 నుంచి 75 కిలోలు, అందులో స్టాండు బరువు కూడ కలిసే ఉంటుంది. ఎత్తు మాట మరువకూడదు. ఒకటిన్నర మీటరు కారు మీద మీటరుకు పైగా సైకిలు నిలబడితే రెండున్నర దాటుతుంది. రైలు కట్ట క్రింది దారులు, మల్లేశ్వరం, బసవనగుడి వీధుల్లో వంగిన చెట్ల కొమ్మలు, అన్నింటికంటె ముఖ్యంగా మన అపార్టుమెంటు నేలమాళిగ గుమ్మం! ప్రయాణమంతా క్షేమంగా చేసి వచ్చి, ఇంటి గుమ్మం దగ్గర సైకిలు విరగ్గొట్టుకొనేవారు ప్రపంచమంతటా ఉన్నారు. స్టీరింగు ఎదుట ‘నెత్తి మీద సైకిలు’ అని ఒక కాగితం అంటించుకోవడం చిన్నతనం కాదు.

మొగ్గు తూచడానికి ప్రత్యేక యంత్రాలు అక్కరలేదు. మనుషులు తూగే త్రాసు చాలు. చదునైన చోట ట్రైలరును నిలిపి, చక్రాలకు రాళ్ళు అడ్డం పెట్టి, త్రాసు మీద గుండు ఎత్తుకు సరిపోయే కొయ్య దిమ్మ నిలబెట్టి, దాని మీద నొగను దించండి. త్రాసు చూపేదే మొగ్గు. సామానంతా, నీళ్ళతో సహా, ఎక్కించిన తరువాతనే తూచవలెను. ఖాళీ బండిని తూచి సంతోషించేవారున్నారు!

ట్రైలరు లేకుండ, కారు డిక్కీకి పట్టీలతో బిగించే స్టాండు వాడేవారే మనలో ఎక్కువ. వారికి నాలుగు మాటలు. కొక్కేలు ఇనుప అంచుకు పట్టవలెను గాని ప్లాస్టిక్కు అలంకారానికి కాదు. కొబ్బరి త్రాడు ప్రయాణపు కుదుపుకు వదులవుతుంది, నైలాను త్రాడు తడిస్తే సాగుతుంది, రబ్బరు త్రాడు సాగడానికే పుట్టింది. కనుక అల్లిన వెడల్పు పట్టీలే వాడండి. స్టాండుతో నిమిత్తం లేకుండ సైకిలు చట్రాన్ని కారుకే కట్టే ఒక పట్టీ విడిగా ఉండాలి. స్టాండు ఊడినా సైకిలు రోడ్డు మీదికి పోదు. బయలుదేరిన అయిదు కిలోమీటర్లకు ఆగి అన్నీ మళ్ళీ బిగించండి. మొదట వదులయ్యేది అప్పుడే. సైకిలు టైరు పొగగొట్టానికి ఎదురుగా వచ్చిందేమో వంగి చూడండి. ఆ వేడికి టైరు కరిగి పగిలిపోతుంది. బ్యాటరీ సైకిలైతే బ్యాటరీ తీసి కారులో పెట్టుకోండి, బరువు తగ్గుతుంది, వాన భయమూ ఉండదు.

ఒక కొలత చాలామంది గమనించరు. పెద్దవారి సైకిలు పొడవు మీటరున్నర పైన, సుమారు మీటరు డెబ్భై అయిదు సెంటీమీటర్లు. చిన్న కారు వెడల్పు అంతకంటె కొంచెం తక్కువే. కాబట్టి అడ్డంగా తగిలించిన సైకిలు చక్రం పక్కకు పొడుచుకు వస్తుంది. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం 194వ సెక్షనులో, సామాను బండి పక్కకు గాని, హద్దు మీరి వెనుకకు గాని పొడుచుకు వస్తే 20,000 రూపాయల జరిమానా వ్రాసి ఉన్నది. ముందు చక్రం ఊడదీస్తే ఈ చిక్కు తీరుతుంది. నెంబరు ప్లేటును, వెనుక దీపాలను సైకిలు కప్పకూడదు. ట్రైలరు కూడ చట్టం దృష్టిలో మోటారు వాహనమే, దానికి వేరే రిజిస్ట్రేషను కావాలి. ఇక కొన్ని చిన్న కార్ల పుస్తకాలలో ట్రైలరు తగిలించవద్దనే వ్రాసి ఉంటుంది. ఆ పేజీ చదివిన తరువాతనే ట్రైలరు బేరమాడడం మంచిది.

చివరగా తిరుగు ప్రయాణం మాట. పోయేటప్పుడు అందరూ శ్రద్ధగానే కడతారు. వచ్చేటప్పుడు పొద్దు వాలుతూ ఉంటుంది, సైకిళ్ళు బురద, పిల్లలకు నిద్ర. నీళ్ళ డబ్బాలు ఖాళీ అయి ఉంటాయి, కొన్న సామాను ట్రైలరు తలుపు దగ్గర, అంటే వెనుక, పోగుపడి ఉంటుంది. ఉదయం తూచిన మొగ్గు ఇప్పుడు ఉండదు. ఇంటి త్రాసును కూడా వెంట తెచ్చుకొని ఉంటే మళ్ళీ తూచడానికి పది నిమిషాలు పడుతుంది. కొండ దిగేటప్పుడు చిన్న గేరులో, బ్రేకు మీద కాలు మోపి ఉంచకుండ దిగి, చదును రోడ్డు చేరగానే ఒకసారి ఆపి పట్టీలు చేత్తో లాగి చూడండి.