ఇరుకు లాకులో పాత పడవ



లాకు అన్న మాట మీలో చాలామందికి కొత్తది కాదు. యానాం వైపు వాళ్లు గోదావరి కాలవల మీద లాకులు చూసే ఉంటారు. పెదగంజాం నుంచి చెన్నై మీదుగా మరక్కాణం దాకా పోయే బకింగ్‌హాం కాలవ పక్కన ఉండే తెలుగువారికీ ఆ మాట తెలుసు. ఎగువ నీరు ఒక మట్టంలో, దిగువ నీరు మరో మట్టంలో ఉన్నచోట పడవను ఎక్కించడానికో, దించడానికో కట్టిన నీటి గది అది. అటు తలుపులు, ఇటు తలుపులు. పడవ లోపలికి రాగానే వెనక తలుపులు మూస్తారు. నీరు నింపితే పడవ పైకి లేస్తుంది, వదిలితే కిందికి దిగుతుంది. ఇంతవరకు ఎక్కడైనా ఒకటే. కాని ఇంగ్లండులో చాలా కాలవల మీద ఈ గది ఎంత ఇరుకంటే, పడవకూ గోడకూ మధ్య ఒక వేలు పట్టడమే కష్టం. అటువంటి లాకులో నుంచి, వయసు మీద పడి ఒళ్లు వెడల్పయిన పాత పడవను ఎలా దాటిస్తారో ఈవేళ చెప్పుకుందాం.

ముందుగా ఆ ఇరుకు ఎందుకు వచ్చిందో చూద్దాం. ట్రెంట్ అండ్ మెర్సీ కాలవ తవ్వడానికి 1766లో బ్రిటిష్ పార్లమెంటు చట్టం చేసింది. ఆ పనికి ఇంజనీరు జేమ్స్ బ్రిండ్లీ. దారిలో హేర్‌కాసిల్ అనే కొండకింద రెండున్నర కిలోమీటర్లకు పైగా సొరంగం తవ్వాలి. సొరంగం వెడల్పయితే ఖర్చు పెరుగుతుంది. లాకు వెడల్పయితే పడవ దాటిన ప్రతిసారీ నీరు ఎక్కువ పోతుంది. అందుకని లాకు వెడల్పు ఏడడుగుల చిల్లర, పొడవు 72 అడుగుల చిల్లర చాలనుకున్నారు. అంత చిన్న లాకు దాటడానికే సుమారు లక్ష లీటర్ల నీరు కిందికి పోతుందంటే, ఆ పొదుపు ఎందుకో మీకే తెలుస్తుంది. బ్రిండ్లీ 1772లో చనిపోయాడు, కాలవ 1777లో పూర్తయింది. ఆ ఏడడుగుల కొలతే ఇంగ్లండు నడిమి ప్రాంతపు కాలవలకు ఆనవాయితీ అయింది. దానికి తగ్గట్టు వచ్చినవే నేరో బోట్లు, అంటే సన్నపడవలు. ఒడ్డున గుర్రం లాగుతుంటే ఒక్కో పడవ పాతిక టన్నుల దాకా బొగ్గు మోసేది. పడవ వెనక భాగంలో పదడుగుల గది. సంసారమంతా అందులోనే. 1962-63 చలికాలంలో కాలవలు వారాల తరబడి గడ్డకట్టాయి. ఆ దెబ్బతో సరుకుల పడవల కాలం దాదాపు ముగిసింది. మిగిలిన పాత పడవలను ఇప్పుడు అభిమానులు బాగుచేయించి, కాపాడుకుంటున్నారు.

ఇబ్బంది అంతా ఇక్కడే ఉంది. ఈ రోజుల్లో కట్టే సన్నపడవ సాధారణంగా ఆరడుగుల పది అంగుళాలు ఉంటుంది. సరుకుల కాలంలో కట్టినవి అంతకంటే వెడల్పు, కొన్ని నిండా ఏడడుగులు. పైగా ఏళ్ల తరబడి లోపల బొగ్గు నింపితే ఆ బరువు పక్కలను బయటికి తోస్తుంది. అందుకే సరుకు గదికి అడ్డంగా గొలుసులు కట్టి, మర తిప్పి, పక్కలను లోపలికి బిగించేవారు. గొలుసు వదులైతే పక్కలు ఉబ్బుతాయి. చెక్క పడవయితే పలకలు నీరు పీల్చి ఇంకొంచెం లావవుతాయి. మరోవైపు లాకు గోడలూ నిలిచి ఉండవు. వెనక ఉన్న తడి మట్టి రెండున్నర శతాబ్దాలుగా ఇటుక గోడను లోపలికి నెడుతూనే ఉంది. పడవ అటు పెరుగుతుంటే గోడ ఇటు వస్తోంది. రెంటి మధ్య ఉన్న అంగుళం కాస్తా కరిగిపోతోంది.

కనుక పాత పడవ ప్రయాణం కొలతతో మొదలు కావాలి. కాగితాల్లో రాసిన వెడల్పును నమ్మకూడదు. పడవకు అడ్డంగా తిన్నని బద్ద పెట్టి, రెండు పక్కలా తాపీమేస్త్రీ వాడే గుండు తాడు జారవిడిచి, ఆ తాళ్ల మధ్య దూరం కొలవాలి. ముందు, వెనక, నడుమ, ఇలా నాలుగైదు చోట్ల చూడాలి. అన్నిటికంటే పెద్ద అంకె ఏదో అదే ఆ పడవ వెడల్పు. ఇంగ్లండు, వేల్స్‌లలో చాలా కాలవలను 2012 నుంచి కెనాల్ అండ్ రివర్ ట్రస్ట్ చూస్తోంది. ఏ దారిలో ఎంత వెడల్పు పడవ పడుతుందో బయలుదేరే ముందే వారిని అడగాలి.

లాకు దగ్గరికి వచ్చాక మొదట చేయాల్సింది పక్కన వేలాడే మెత్తలను పైకి తీసేయడం. గోడ తగలకుండా కట్టిన ఆ తాడు మెత్తలే ఇరుకు లాకులో మేకులవుతాయి. తరువాత తలుపులు గోడలోని గూటిలోకి పూర్తిగా పోయాయో లేదో చూడాలి. తలుపు వెనక ఒక కొమ్మో, సీసానో ఇరుక్కుంటే తలుపు ఒక అంగుళం ముందుకు నిలుస్తుంది. మనకున్నదే ఒక అంగుళం! పొడవాటి గడతో ఆ చెత్త లాగేసి, అప్పుడు కదలాలి.

లోపలికి వెళ్లేటప్పుడు నడక వేగం కూడా ఎక్కువే. పిచికారీ గొట్టంలో పుల్ల తోసినట్టు ఉంటుంది పని. ముందున్న నీరు పక్క సందులో నుంచీ, పడవ అడుగు నుంచీ వెనక్కి రావాలి, అప్పుడే పడవ ముందుకు పోతుంది. ఇంజను వేగం పెంచినంత మాత్రాన లాభం లేదు. పడవ వెనక భాగం నీటిలోకి కుంగుతుంది, ముందు భాగం మరింత గట్టిగా పట్టుకుంటుంది. పట్టుకుందని అనిపించగానే ఇంజను తగ్గించి, వెనక్కి రావాలి. పడవ కింది నుంచి వచ్చి దిగువ వాకిట్లో చిక్కితే ఇంకో ఉపాయం ఉంది. ఎగువ తూము పలకను ఒడ్డునున్న మనిషి కొద్దిగా ఎత్తితే, వచ్చే నీరే పడవను మెల్లగా బయటికి తోస్తుంది.

శ్రోతలూ, అసలు ప్రమాదం లోపలికి వెళ్లలేకపోవడం కాదు, లోపలికి వెళ్లాక చిక్కడం. గోడ పైన బాగానే ఉండి, కింద ఉబ్బి ఉండవచ్చు. నిండిన లాకులోకి పడవ సుఖంగా వస్తుంది. నీరు వదలగానే దిగుతూ దిగుతూ ఒకచోట ఆగుతుంది. నీరు మాత్రం ఆగదు. రెండు నిమిషాల్లో ఒక పక్క వేలాడుతూ, ఇంకో పక్క వాలి, నీరు లోపలికి తీసుకుంటుంది. అందుకే దిగువ తూములను ఒక్కసారిగా ఎత్తకూడదు. కొంచెం ఎత్తి, ఆగి, పడవ నీటితోపాటు దిగుతోందా అని చూడాలి. ఆగిందనిపిస్తే వెంటనే దిగువ తూములు మూయాలి, ఆ తరువాత ఎగువ తూములు తెరవాలి. నీరు మళ్లీ నిండితే పడవ తనంతట తానే తేలుతుంది. పైకి ఎక్కేటప్పుడు ఇదే పని తిరగవేసి చేయాలి. పడవ లేవకపోతే ఎగువ తూములు మూసి, నీరు కిందికి వదలాలి. దిగేటప్పుడు ఎగువ తలుపు కింద ఉండే రాతి గడప మీద పడవ వెనక భాగం కూర్చోకుండా కూడా చూసుకోవాలి. ఆ గడప ఎక్కడిదాకా ఉందో గోడ మీద తెల్ల గీత చెబుతుంది. తూము దగ్గర నిలబడ్డ మనిషి తిప్పుడు చేతిని వదిలి పక్కకు పోకూడదు, కళ్లు పడవ మీదనుంచి తీయకూడదు. ఆ సమయంలో పడవ ప్రాణం చుక్కాని దగ్గర లేదు, ఆ తూము దగ్గర ఉంది.

గోడదే తప్పయినప్పుడు ఏం చేస్తారని మీకు సందేహం రావచ్చు. నాంట్‌విచ్ ఊరి దగ్గర హర్ల్‌స్టన్ అనేచోట నాలుగు లాకులున్నాయి. లాంగోలెన్ కాలవకు వాకిలి అవే. అవి దాటితేనే, 1805లో తెరిచిన ప్రసిద్ధ పోంట్‌కసుల్తే నీటివంతెన మీదికి పడవ పోగలదు. నేల కదిలి అక్కడి అడుగు లాకు గోడలు లోపలికి వచ్చాయి. వెడల్పయిన పాత పడవలకు ఆ దారి మూసుకుపోయినట్టే అయింది. చివరికి 2019-20 చలికాలంలో ఆ లాకును విప్పి తిరిగి కట్టారు. పడవ వాళ్లు పడవను చెక్కించుకోమనకుండా, గోడనే దాని పాత కొలతకు తెచ్చారు. కాని ప్రతి లాకుకూ అంత ఖర్చు పెట్టడం సాధ్యం కాదు. కాబట్టి మిగిలిన చోట్ల పడవ నడిపేవారి ఓర్పే దారి.

పాతిక టన్నుల పడవ మనిషి భుజానికి లొంగదు. ఇంజనుకూ లొంగదు, నీటికే లొంగుతుంది. ఆ నీటిని ఎంత వదలాలో, ఎప్పుడు ఆపాలో తెలిసిన చేయి ఒడ్డున ఉంటే ఎనభై, తొంభై ఏళ్ల పడవ కూడా ఇరుకు లాకు దాటి, అవతలి కాలవలో హాయిగా తేలుతుంది. మీ ఊరి పక్కన పాత లాకు ఉంటే ఈసారి అటు వెళ్లినప్పుడు ఆ గోడలను, తలుపు గూళ్లను, గడపను ఒకసారి తేరిపార చూడండి. ఇప్పుడు చెప్పుకున్నవన్నీ మీకు అక్కడే కనిపిస్తాయి.