ఇసుకమీద ఆనకట్ట

సూర్యలంక సముద్రపుటొడ్డున మీరెప్పుడైనా నిలబడ్డారా? అల వెనక్కు మళ్ళేటప్పుడు కాళ్ళ కింది ఇసుక జారిపోతుంది, మడమలు లోపలికి దిగబడతాయి. మనిషినే నిలవనియ్యని ఇసుకమీద కిలోమీటరుకు పైగా పొడుగున్న రాతికట్ట నిలబడుతుందా? విజయవాడ దగ్గర కృష్ణానదికి మొదటి ఆనకట్ట కట్టినవారికి ఎదురైన చిక్కు ఇదే.

అసలు ఆనకట్ట ఎందుకు కావలసివచ్చింది? 1833లో గుంటూరు సీమలో ఘోరమైన కరువు వచ్చింది. అప్పటి ఐదు లక్షల జనంలో సుమారు రెండు లక్షలమంది చనిపోయారని అంచనా. వానలు లేక పైరులు ఎండిపోతూంటే కృష్ణ నీరు మాత్రం పొలాలకెక్కకుండా సముద్రంలో కలిసిపోయేది. ఆ నీటిని ఆపి, కాలువలలోకి మళ్ళించాలి.

1852లో పని మొదలయింది. దాన్ని నడిపిన ఇంజనీరు కెప్టెన్ ఓర్. పని జరిగేచోట పెద్దగా ఉండేవాడు ముందు రెండు సంగతులు చూసుకోవాలి: చేతికి అందేదేమిటి? గడువెంత? ఇక్కడ నదికి ఒకపక్క ఇంద్రకీలాద్రి, రెండోపక్క సీతానగరం కొండ ఉన్నాయి. కనుక రాయికి కొదువలేదు. గడువు మాత్రం తక్కువ. వరద దిగినప్పటినుంచి మళ్ళీ వరద వచ్చేదాకానే నదిలో పని సాగుతుంది.

ఇక పునాది మాటేమిటి? ఇసుకంతా తవ్వి అడుగున గట్టినేల వెతకటం ఆ రోజులలో అయ్యే పని కాదు. అందుకని నదికి అడ్డంగా పెద్ద పెద్ద రాళ్ళు పడవేశారు. అలాంటి రాళ్ళ పక్కనుంచి నీరు పరుగెత్తి, మీ మడమల కింద చేసినట్టే ఇసుకను తోడేస్తుంది. రాళ్ళు దిగబడతాయి. వాటిమీద మళ్ళీ రాళ్ళు వేయాలి. అవీ దిగబడతాయి.

చూసేవారికి ఇది వృథాశ్రమ అనిపిస్తుంది. కాని కిటుకు అంతా అందులోనే ఉన్నది! రాళ్ళు దిగినకొద్దీ నీరు తోడుకుపోయే ఇసుక తగ్గిపోతుంది. చివరికి రాళ్ళు కదలటం మానేస్తాయి. అప్పుడు దానిమీద కట్టడం లేపవచ్చు. కట్టమీదినుంచి దూకే నీరు దిగువన గొయ్యి తవ్వకుండా, అక్కడ కూడా రాళ్ళు పరవాలి.

ఈ ఉపాయం కొత్తది కాదు. కావేరిమీద చోళరాజు కరికాలుడు కట్టించాడని చెప్పే కల్లణై ఆనకట్టను ఆర్థర్ కాటన్ శ్రద్ధగా పరిశీలించి, వదులు ఇసుకలో పునాది ఎలా వేయాలో తెలుసుకున్నాడు. ధవళేశ్వరం దగ్గర గోదావరి ఆనకట్టకు అదే ఉపయోగించాడు. అది 1852లో పూర్తి అయింది. తెలియని సంగతిని వెనకటివారి పని చూసి నేర్చుకోవటం చిన్నతనం కాదు గదా!

కృష్ణ ఆనకట్ట 1855లో పూర్తి అయింది. దాదాపు నూరేళ్ళు పనిచేసిన తరవాత, 1952లో దానికి గండిపడింది. అప్పుడు 1954లో మొదలుపెట్టి, 1957 నాటికి తలుపులుగల కొత్త బారేజి కట్టారు. టంగుటూరి ప్రకాశం పంతులుగారి పేర దానిని ప్రకాశం బారేజి అంటున్నాము.

ఇప్పుడు మ్యాపులో అడవులదీవి ఎక్కడున్నదో చూడండి. నిజాంపట్నానికి దగ్గర, కృష్ణా పడమటి డెల్టాకు ఇంచుమించు చిట్టచివర. విజయవాడలో మళ్ళిన నీరు తెనాలి, రేపల్లె ప్రాంతాలు దాటి ఇంతదూరం రావాలి. ఆ చివరిపొలం వరిచేలో నీరు మెరిసినప్పుడు, నదిలో దిగబడిపోయి ఎవరికీ కనబడని ఆ మొదటి రాళ్ళను తలుచుకోండి.